పెద్ద మేస్త్రీ స్టాండ్లు

చచ్చిపోయినవాడి మీద కుళ్లుకోవడం ఎంత నరకమో నన్నడగండి. బతికున్నవాడైతే తిట్టొచ్చు, కలబడొచ్చు. గోడమీది ఫోటోతో ఏం పోట్లాడతాం?

పెద్ద మేస్త్రీ జ్వరంతో పోయిన చాన్నాళ్లకి నేను వాళ్లావిణ్ణి పెళ్లి చేసుకున్నాను. ఇల్లూ, ఇంటిని ఆనుకున్న కార్ల రిపేరు షెడ్డూ నాకు దక్కాయని అందరూ అన్నారు. ఏం దక్కడం లెండి! పానా దగ్గర్నుంచి నూనె గుడ్డ దాకా అన్నీ ఆయనవే. పద్ధతులూ ఆయనవే. బండి లేపేముందు చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టాలి. జాకీని నమ్మకుండా ఇనుప స్టాండ్ల మీదికి దించాలి. నడుంతో బండిని గట్టిగా నెట్టి చూడాలి. ఆపైన వంటింటికి వినపడేలా "కిందున్నా" అని కేకెయ్యాలి. ఆవిడ "చూస్తున్నా" అన్నాకే కిందికి దూరాలి. ఆయన బయటికొచ్చేదాకా ఎవరూ బండి జోలికి పోకుండా ఆవిడ ఓ కన్నేసి ఉంచేదట.

"మీరూ అలా కేకేస్తే నాకు ధైర్యంగా ఉంటుందండీ" అంది ఓసారి.

ఒళ్లు మండిపోయింది. ఆ కేక వాళ్లిద్దరిదీ. మధ్యలో నేనెవర్ని?

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. సాయంత్రం ఎవరో గేర్‌బాక్సు కారుతోందని కారు వదిలి వెళ్లారు. స్టాండ్లు అందుకోబోతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "అవి ఆయన సొంతంగా వెల్డింగ్ చేసుకున్నవి. ఏనుగునైనా మోస్తాయి" అని మురిసిపోయింది. ఆ మురిపెం చూళ్లేకపోయాను. ఆవిడ లోపలికెళ్లగానే రెండు స్టాండ్లూ ఎత్తి షెడ్డు వెనక వానలోకి విసిరేశాను. కారు లేపి, సిమెంటు ఇటుకలు పేర్చి, వాటి మీదికి దించాను. నెట్టి చూడలేదు. కేకా వెయ్యలేదు. కిందికి దూరాను.

మొదట బాగానే ఉంది. రేకుల మీద వాన. వంటింట్లో గిన్నెల చప్పుడు. ముక్కుకి పాత నూనె వాసన. బోల్టు పట్టు వదిలేలోపు కరెంటు పోయింది. చీకట్లో, నా చెవి పక్కనే... చిటుక్.

ఇటుక.

సిమెంటు ఇటుక ముందుగా చెప్పదు. ఒక్కసారిగా పొడైపోతుంది. ఆ సంగతి నాకు తెలీక కాదు. కారు వేలెడు దిగింది. ఛాతీ మీద చల్లటి ఇనుము ఆనింది. ఊపిరి సగమే ఆడుతోంది. అరిస్తే ఆవిడ పరిగెత్తుకొస్తుంది. కానీ ఏమని అరవను? నోటికి ఆయన మాటే వస్తోంది... పళ్లు బిగబట్టుకున్నాను.

అప్పుడు కారు పక్కన ఎవరో అన్నారు. నిదానంగా.

"కిందున్నా."

"చూస్తున్నా..." వంటింట్లోంచి ఆవిడ. తడుముకోకుండా.

జాకీ పిడి కదిలింది. కిర్రు... కిర్రు... ఛాతీ మీద బరువు తేలింది. నేల మీద ఇనుము ఈడుస్తున్న చప్పుడు. నా తలకి అటొకటి, ఇటొకటి స్టాండ్లు వచ్చి నిలిచాయి. వాటినుంచి వాన నీళ్లు నా చెంప మీద కారాయి. ఆపైన ఎవరో కారుని గట్టిగా నెట్టారు. కారు కదల్లేదు.

అడుగుల చప్పుడు వంటింటివైపు వెళ్లింది.

పాక్కుంటూ బయటపడ్డాను. షెడ్డులో ఎవరూ లేరు. ప్రాణం దక్కిందన్న సంతోషం లేదు. ఆవిడ గొంతులోని ఆ చనువే చెవుల్లో గింగురుమంటోంది. నాతో ఎప్పుడైనా అలా పలికిందా? వెళ్లి వంటింటి తలుపు తోశాను. లోపల గడియ.

"తలుపు తియ్యి..."

గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరండీ?" మెల్లగా అడిగింది.

"నేనే..."

"మా ఆయన ఇప్పుడే పని ముగించుకుని భోజనానికి కూర్చున్నారు. రేపు రండి."

"నేనే నీ మొగుణ్ణి!" అరిచాననే అనుకున్నాను. గుసగుసే వచ్చింది.

లోపల కంచం జరిగిన చప్పుడు. తర్వాత తలుపుకి అవతల, చాలా దగ్గర్లో, మగ గొంతు.

"ఎవరట?"

"ఎవరో పాపం... బండి కోసం వచ్చినట్టున్నారు" అంది నా భార్య.