గయలో వదిలిన వంకాయ

ధనుర్మాసపు ఆదివారం. గుడి మైకు ఆగిపోయింది. వీధిలో ముగ్గుల మీద తొలి స్కూటర్లు నడుస్తున్నాయి. ఇంద్రజ దేవుడికి పొంగలి నైవేద్యం పెట్టి, హారతి కళ్లకద్దుకుని, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లుగా రోజూ ఆ చోట నిలబడి అడిగే ప్రశ్నే మళ్లీ అడిగింది.

"ఏం కూర చేసేది?"

హాల్లో పేపరు వెనకనుంచి భర్త వెంకటాచలం, "ఏదో ఒకటి చెయ్" అన్నాడు. మంచం మీద జపమాల తిప్పుతున్న అత్తగారు సత్యభామ, "నాదేముందమ్మా, ఏదో ఒకటి" అంది. గదిలోంచి ఫోను మీద కన్ను తియ్యకుండా కూతురు శ్రీప్రియ కూడా, "ఏదో ఒకటి మా" అంది.

ఏదో ఒకటి అనే కూరగాయ చూలై బజారులో దొరికితే ఇంద్రజ ఏనాడో బస్తాడు తెచ్చి పడేసుకునేది. అత్తగారికి పళ్లు లేవు. బీన్సు, గోరుచిక్కుడు నమల్లేదు. పైగా ఎప్పుడో కాశీకి పోయినప్పుడు కాకరకాయ వదిలేసింది. భర్తకు షుగరు; ఉర్లగడ్డ, చిలగడదుంప, గుమ్మడి కూడవు. శ్రీప్రియ పనిచేసేది ఐటీ కంపెనీలో. ఆఫీసులో గిన్నెడు పచ్చి ఆకులు కొనుక్కుని తింటుంది, ఇంటికొస్తే మాత్రం నూనె తేలే కూర కావాలంటుంది. ఈ చిక్కులన్నీ దాటుకుని అందరి కంచాల్లోకీ పోగలిగిన కూర ఒకటే ఉండేది. అది వంకాయ. నువ్వులు, ఎండుకొబ్బరి, ఎండుమిరపకాయలు వేయించి నూరి, నాలుగు పక్షాలుగా చీల్చిన లేత కాయల్లో కూరి, మూత పెట్టి సన్నని సెగ మీద మగ్గనిస్తే, ఆ రోజు ఇంట్లో ఎవరూ ఎవరినీ విసుక్కునేవారు కాదు.

ఆ వంకాయనే కిందటి కార్తీకంలో గయలో వదిలి వచ్చాడు వెంకటాచలం.

తండ్రికి పిండాలు పెట్టడానికి భార్యాభర్తలిద్దరూ కాశీకీ, గయకీ వెళ్లారు. గయలో పిండప్రదానం అయ్యాక పితరుల పేరు మీద ఒక కాయ, ఒక పండు వదలడం ఆచారం. వదిలినదాన్ని ప్రాణం ఉన్నంతవరకు మళ్లీ ముట్టకూడదు. అదీ తమకు ఇష్టమైనదే అయి ఉండాలి. ఇంద్రజ రైల్లోనే ఆలోచించి, ఏం వదలాలో అనుకుని పెట్టుకుంది కూడా. తీరా పిండాలు పెట్టించిన పురోహితుడు, అక్కడి పండా, అడిగేసరికి వెంకటాచలం, "మా ఇద్దరికీ వంకాయ" అనేశాడు. వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు. పండా మంత్రం చదివి నీళ్లు వదిలించేశాడు. ఇంద్రజ నోరు తెరిచేలోగా అంతా అయిపోయింది. పండు కింద పనస చెప్పాడు. దాని మీద ఎవరికీ పట్టింపు లేదు.

ఇంటికొచ్చాక వెంకటాచలం ఇంకో మాట కూడా తెగేసి చెప్పాడు. గడప లోపలికి ఇక వంకాయే రాకూడదు. వండితే వాసన వస్తుంది, వాసనొస్తే మనసు పోతుంది. బోల్టులూ నట్లూ అమ్మే మనిషి. ఏ మాటైనా మర బిగించినట్టు బిగించి చెప్పడం ఆయనకు అలవాటు.

"అక్కా, కాయ్" అని కింద కేక వినిపించింది. ఇంద్రజ బుట్ట తీసుకుని దిగింది. మారిముత్తు బండి మీద మంచుకి తడిసిన లేత వంకాయలు, ఊదారంగు మీద తెల్లచారలవి, కుప్పగా పోసి ఉన్నాయి. ఈ నెల దాటితే ఇంత లేతవి రావు. ఆమె చేయి తనకు తానే పోయి ఒకటి పట్టుకుంది. తొడిమె ముల్లు వేలికి గుచ్చుకుంది. ఒక క్షణం అలాగే పట్టుకుని, మళ్లీ కుప్ప మీద పెట్టేసి, ముల్లంగి తీసుకుంది. రెండు నెలలుగా మారిముత్తు ఇది చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ముగ్గురికీ కంచాలు పెట్టి వడ్డించింది. ముల్లంగి సాంబారు, క్యాబేజీ వేపుడు. సత్యభామ క్యాబేజీని బుగ్గన పెట్టుకుని ఆలోచనలో పడింది. శ్రీప్రియ కంచంలో వేలితో గీతలు గీసింది.

"ఏమ్మా, ఈ వారంలో ఇది మూడోసారి" అంది.

"పొద్దున అడిగితే ఏదో ఒకటి అన్నావు. ఇదే ఆ ఏదో ఒకటి, తిను" అంది ఇంద్రజ.

శ్రీప్రియ తండ్రి వైపు తిరిగింది. వ్రతం మీ ఇద్దరిదే కదా, నాకూ అవ్వకూ ఎందుకు ఈ శిక్ష అని అడిగింది. అవ్వ నమలగలిగేది ఆ ఒక్క కూరే అని గుర్తు చేసింది. వెంకటాచలం నీళ్లు తాగి, మీసం తుడుచుకుని, శాంతంగా జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఇష్టమైనదాన్ని వదలడంలోనే పుణ్యమంతా ఉంది. తనకు చిన్నప్పటినుంచీ వంకాయంటే ప్రాణం. కాబట్టే దాన్ని వదిలాడు. కష్టమేదో తనే పడుతున్నాడు గాని, ఇంకెవరినీ కష్టపెట్టలేదు.

"అమ్మను?" అంది శ్రీప్రియ.

"మీ అమ్మకేం కష్టం? దానికి ముందునుంచీ వంకాయంటే పట్టదు. అందుకే గదా ఇద్దరికీ అదే చెప్పింది. దాని నోటికాడ ఉండేది తీసెయ్యకూడదనే అట్ట చెప్పినా."

సాంబారు గరిట ఇంద్రజ చేతిలోనే ఆగిపోయింది.

"నాకు పట్టదని ఎవురు చెప్పినారు మీకు?"

"ఎవురు చెప్పాల? ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండా. ఒక్క రోజన్నా నీ తట్టలో వంకాయ చూసినానా నేను?"

ఇంద్రజకు నవ్వొచ్చింది. ఈయన తన కంచంలోకి ఏనాడూ చూడలేదని ఇన్నాళ్లూ అనుకుంది. చూశాడు. ముప్పై ఏళ్లు చూశాడు. చూసి అర్థం చేసుకున్నది ఇదీ.

"మిగిలితే గదండీ, నా తట్టలో కనపడేది" అంది.

గరిట గిన్నెలో పెట్టేసింది. గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో వంకాయ చేసిన రోజు సంగతి చెప్పింది. మామగారు ఉన్నప్పుడు ఆయనకు మూడు. తర్వాత భర్తకు నాలుగు. అత్తమ్మకు మెత్తనివి ఏరి. పిల్లకు స్కూలు డబ్బాలో. ఎవరో ఒకరు ఇంకొకటి అడుగుతారు, అడిగితే లేదనడం ఆమెకు చేతకాదు. అందరూ లేచాక బాండ్లిలో మిగిలేది అడుగంటిన కారం, నూనె. వేడన్నం అందులో వేసి, అంచులన్నీ గీకి కలుపుకుని, పొయ్యి దగ్గర నిలబడే తినేది. ఆ వాసనకే కడుపు నిండేది. పొద్దుటినుంచీ ఆ రెండు ముద్దల కోసమే ఎదురుచూసేది.

"నాకు వంకాయ అంటే అదీ. ఆ బాండ్లి గీకుడు. దాన్ని కూడా గయలో వదిలేసి వచ్చినారు. నన్ను ఒక్క మాట అడగలేదు."

వెంకటాచలం కంచంలో అన్నాన్ని కలిపి, కలిపి, ముద్ద ఎత్తలేకపోయాడు.

"ఒక్క మాట చెప్పుంటే..." అన్నాడు చివరికి.

"మీరు అడిగుంటే" అంది ఇంద్రజ.

సత్యభామ బుగ్గనున్న క్యాబేజీ మింగి, నీళ్లు తాగి, చెంబు కింద పెట్టింది. "రేయ్ చలం. గయలో నీది నువ్వు చెప్పినావు, బాగుండాది. దాని నోరు నీకు ఎవురిచ్చినారు?"

"అమ్మా, నీళ్లు వదిలిన మాట అది. వెనక్కి తీసుకుంటే నాయన ఆత్మ ఏమనుకుంటాదో."

"మీ నాయన సంగతి నాకు వదిలెయ్. కోడలి కంచం ఖాళీ చేసి తెచ్చిన పుణ్యం ఆయనకు మాత్రం ఏం రుచిస్తాది?"

వెంకటాచలం లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ మధ్యాహ్నమంతా తండ్రి ఫోటో కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంద్రజ ఇత్తడి సామాన్లన్నీ తీసి, తోమనవసరం లేనివి కూడా తోమింది. ఆమెకు కోపం పోలేదు. కోపం మధ్యలో భయం కూడా ఉంది. పితరుల ముందు జరిగిన మాట మీద తిండి కోసం పోట్లాడినట్టయిందే, దేవుడు ఎలా చూస్తాడో అని. మళ్లీ తనకే అనిపించింది. అన్నీ చూసే దేవుడు తన కంచాన్నీ చూసే ఉంటాడు కదా. ఆయనకు కూడా అర్థం కాలేదా, లేక ఆయన కూడా ఎవరో ఒకరు అడగాలని చూస్తున్నాడా?

మర్నాడు వెంకటాచలం దుకాణం తెరవడానికి ముందే ఎక్కడికో పోయి వచ్చాడు. గుడ్డసంచి వంటింటి బల్ల మీద పెట్టాడు. లోపల వంకాయలు. అన్నీ ఒకే సైజు, ఒకే నిగనిగ, ఒక్కదానికీ పుచ్చు లేదు. సరుకులో నట్లు ఏరినట్టు ఏరి తెచ్చాడని చూడగానే తెలిసిపోతోంది.

"నాది నేను వదిలినా, అది నాది. నీది నువ్వే చెప్పుకో, ఎప్పుడైనా, ఏదైనా. ఈ పొద్దుకి ఇది చెయ్" అన్నాడు. ఆమె ముఖం వైపు చూడలేక పొయ్యి వైపు చూస్తూ అన్నాడు.

ఇంద్రజ చేసింది. నువ్వులు వేగుతుంటే శ్రీప్రియ ఆఫీసు ఫోను చెవిన పెట్టుకునే వంటింట్లోకి వచ్చి నిలబడింది. కూర మగ్గాక వెంకటాచలం భార్య చేతిలో గరిట తీసుకుని, ఆమెను పీట మీద కూర్చోమన్నాడు. ఆమె మొదటిసారి ఆ ఇంట్లో అందరికంటే ముందు కూర్చుంది. ఎక్కడ చూడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన రెండు వంకాయలు వడ్డించాడు. వడ్డించడం రాక నూనె కంచం బయట కూడా పోశాడు. తను మాత్రం మజ్జిగన్నం కలుపుకుని పక్కన కూర్చున్నాడు.

ఇంద్రజ పొగలు కక్కే వంకాయను చిదిమి, అన్నంలో కలిపి, నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఉప్పు" అంది.

"ఏంది?"

"కాయ లోపలికి ఉప్పు పట్టలేదు. చప్పగా ఉండాది. ఎప్పుడూ ఇట్నే ఉంటాదా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కారం రుచి ఆమెకు తెలుసు. కాయ రుచి ఎన్నడూ తెలియదు. ముప్పై ఏళ్లుగా వండుతున్న కూరలో ఉప్పు సగందాకే పోతోందని ఈ రోజు తెలిసింది.

"ఎప్పుడూ ఇట్నేమ్మా. చెప్తే నొచ్చుకుంటావని ఊరుకున్నా" అంది సత్యభామ.

ఇంద్రజ ఏడుస్తూనే నవ్వింది. ఒక్క మాట చెప్పుంటే చీల్చిన కాయల్ని ఉప్పునీళ్లలో వేసేదాన్ని కదా అని విసుక్కుంది. ఇంతమంది ఇన్నేళ్లు నోరు మూసుకుని తిన్నారు. నోరు మూసుకున్నది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ.

సాయంత్రం దీపం పెట్టాక ఆమె మామగారి ఫోటోకు దండం పెట్టి, గయలో చెప్పలేకపోయిన మాట పైకే చెప్పింది. "నేను చేమగడ్డలు వదిలినా మామా. ఇక ఎప్పుడూ తినను." వెనక నిలబడ్డ వెంకటాచలం తెల్లబోయాడు.

"చేమగడ్డలంటే నీకు ఇష్టమా?"

ఇంద్రజ నుదురు కొట్టుకుంది.

ఆ రోజునుంచి బజారు పని ఆయన మీద పడింది, దాంతో ఇంద్రజ ప్రాణం మీదికి వచ్చింది. ఏ కాయ కనపడినా ఫోను. పొట్లకాయ నీకు ఇష్టమా? ములక్కాడ? సొరకాయ ఇష్టమని చెప్తా ఉండావా, ఊరికే చెప్తా ఉండావా? ఒక పొద్దున పొయ్యి మీద పాలు పొంగుతుండగా నాలుగోసారి ఫోను మోగింది.

"ఇప్పుడేం తేవాల?" అన్నాడు.

"ఏదో ఒ..."

పాలు దించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. చిన్నప్పుడు పుత్తూరులో ఈ చలికాలంలోనే అమ్మ చేసే పితికిపప్పు గుర్తొచ్చింది. పచ్చి అనపగింజలు రాత్రి నానేసి, పొద్దున ఒక్కో గింజా పితికి తొక్క తీసి, దంచిన మసాలాతో ఉడికిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడేది. అత్తగారింట్లో అంత చాకిరీ ఎవరు చేస్తారని పెళ్లయినప్పటినుంచీ ఆ పేరే ఎత్తలేదు.

"అనపకాయలు తెండి. రెండు కేజీలు. గింజ ముదరకూడదు" అంది.

"అన్నెందుకు?"

"పితికిపప్పు చేస్తా. నాకు ఇష్టం" అంది ఇంద్రజ. అన్నాక ఇంకో మాట కూడా కలిపింది. "రేపు దుకాణం లేటుగా తెరవండి. నాతో కూర్చుని గింజలు పితకాల మీరు."

అవతల బజారు గోలలో ఆయన గొంతు, అంగడివాడితో బేరం మొదలుపెడుతూ వినిపించింది. "లేతవి ఇయ్యప్పా. మా ఇంట్లో అడిగింది."