ఎడమ చేతి చొక్కా

ఆ ఉదయం కూడా దర్జీ భార్య మొగుడి ప్యాంటు నడుము కుట్లు విప్పుతోంది. ఈ మధ్య ఇది రెండోసారి. ఏళ్ల తరబడి షుగరుతో ఎండిపోయిన మనిషి ఒళ్లు చేస్తుంటే ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు.

"అద్దంలో చూసుకోండి, పెళ్లికొడుకులా ఉన్నారు!"

"మరేమనుకున్నావ్? షుగర్నే ఓడించినవాణ్ణి!" అని ఆయన మీసం దువ్వాడు. నిజమే, షుగరు దానంతటదే దిగుతోంది. ఇన్సులిన్ సగానికి తగ్గించినా పెరగడం లేదు.

తల్లికి జాకెట్టు గుడ్డ కుట్టడానికి ఇద్దామని వచ్చిన కూతురు మాత్రం తండ్రి చెప్పులు విడవడం చూసింది. పాదాల మీద పట్టీల గుర్తులు లోతుగా పడ్డాయి. బొటనవేలితో నొక్కితే పడిన గుంట పూడనే లేదు. ఆ పూటే ఆస్పత్రికి లాక్కెళ్లింది.

"అది కండ కాదమ్మా, నీరు," అంది డాక్టరమ్మ. "షుగరు వల్ల కిడ్నీలు దాదాపు పోయాయి. ఇన్సులిన్ని ఒంట్లోంచి పంపేసేది ఎక్కువగా అవే. అవి చెడితే మందు లోపలే నిలిచిపోయి షుగరు దిగుతుంది. డయాలసిస్ మొదలుపెట్టాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కడు."

ఇంటికి రాగానే కూతురు తల్లి మీద విరుచుకుపడింది. "అందరి ఒళ్లూ కొలుస్తావు కదమ్మా! నాన్న ఒళ్లు తెలియలేదా నీకు?"



"దాన్నేమీ అనకు," అన్నాడు దర్జీ. "ఆ డయాలసిస్ మిషనుకి కట్టేయించుకుని బతకడం నా వల్ల కాదు. నేను రాను. అంతే."

ఆవిడ లేచి బీరువాలోంచి ఆయన కొత్త చొక్కా తీసింది. దాని ఎడమ చెయ్యి భుజం దాకా కరకరా కత్తిరించింది.

"ఏయ్! నీకేమైనా పిచ్చా?"

"ఆ చేతికే సూదులు పెడతారట. తెరుచుకునేలా గుండీలు కుడుతున్నాను," అంది ఆవిడ, తలెత్తకుండా. "నన్ను ఒంటరిదాన్ని చేసి పోతానంటే పొండి. చొక్కా మాత్రం తయారుగా ఉంటుంది."

దారం ఎంతకీ సూదిలోకి దూరడం లేదు. కూతురు ఏడుస్తూ వచ్చి, ఆ సూది అందుకుని దారం ఎక్కించి ఇచ్చింది. "తప్పయిపోయిందమ్మా," అంది. తల్లి ఆమె తల నిమిరి కుట్టు మొదలుపెట్టింది.

దర్జీ ఆమె పక్కకి జరిగి, కత్తిరించిన ఆ చొక్కా చెయ్యి పట్టి చూశాడు.

"గుండీలొద్దే. టిచ్ బటన్లు కుట్టు, నొక్కితే చాలు. ఒంటిచేత్తో గుండీలు పెట్టుకోలేను."

ఆవిడ చొక్కాలో ముఖం దాచుకుని భోరుమంది.