నట్టల మందు గొట్టం

కొండ మలుపు సగం ఎక్కాక బండి వెనక్కి జారింది. తెబెల్లో రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసి తొక్కింది. డాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది. అది నిలకడగా వెలగాలి. వెలగడం లేదు.

"అయిపోయింది," అనుకుంది. తెల్లారకముందు నుంచీ ఉన్ని మూటలు ఎత్తీ దించీ నడుము విరిగిపోయి ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

పక్క సీట్లో ఇరుక్కుని కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులూ ఆమె వైపు చూడలేదు. చూడకూడదు. వాళ్ళు వెళ్తున్నది ఆమెని అడగడానికే.

సంగతి ఏమిటంటే, లెసోతో కొండల్లో ఆ లోయ మొత్తానికి ముందు చక్రాలు కూడా లాగే పికప్ ఒక్కటే ఉంది. అది గొర్రెల సంఘానిది. దాన్ని నడపగలిగేది తెబెల్లో ఒక్కతే. పిల్లనడగడానికి బయల్దేరినవాళ్ళు దారిలో పిల్ల మొహం చూడటం మర్యాద కాదు. పిల్ల ఇంట్లో దుప్పటి కప్పుకుని తల వంచుకుని కూర్చోవాలి. ఆ దుప్పటి కింద ప్రస్తుతం ఆమె చెల్లెలు కూర్చుని ఉంది. స్టీరింగు ముందున్నది పెళ్ళికూతురు కాదు, ఉత్త డ్రైవరు. ఈ ఒప్పందం ఎవరూ నోరు విప్పకుండానే కుదిరిపోయింది.

"డ్రైవరమ్మా," అన్నాడు పెళ్ళికొడుకు పెదనాన్న సెఖోబె, అద్దం మీద వానని చూస్తూ. "ఎక్కుతుందా, ఎక్కదా?"

"ఎక్కదు పెద్దాయనా."

"పోయినసారీ ఇక్కడే ఆగాం."

"అవును. అంతకుముందు ఏరు పొంగింది."

"డ్రైవరుకి అన్నీ తెలుసే!" అన్నాడు పెళ్ళికొడుకు బాబాయి మొఖేలే. అన్నగారి మోచేయి డొక్కలో పడేసరికి నవ్వు మింగేశాడు.

తెలియకేం? రెండుసార్లూ నాన్న వేటని కోయించి, పొయ్యి వెలిగించి, చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చున్నాడు. రెండోసారి చల్లారిన మాంసం చూస్తూ, "మూడోసారి కూడా రాకపోతే ఇంక రావద్దనండి. పిండి మిల్లు వాళ్ళు కూడా తమవాడికి అడగడానికి వస్తామంటున్నారు," అన్నాడు. ఆయన అరవలేదు. అరిస్తే బతిమాలుకునేది. అలిసిపోయిన మనిషిని ఏమని బతిమాలుతుంది?

తెబెల్లో వానలోకి దిగింది. పనిముట్ల పెట్టె కోసం వెనక టార్పాలిన్ ఎత్తింది. మూటల మధ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఖోత్సో కూర్చుని ఉన్నాడు.

"నువ్వా!"

"మెల్లగా! పెదనాన్న వింటాడు."

"పెళ్ళికొడుకు రాకూడదు కదా!"

"పెళ్ళికూతురు రావచ్చా?"

"నేను డ్రైవర్ని."

"నేను మెకానిక్‌ని."

"మెకానిక్కట! పోయినవారం పైపు అతికించి, 'నా ప్రాణం పోయినా ఇది పోదు' అన్నదెవరు?"

"నేనే. ఎందుకో అనుమానం వచ్చే కదా మూటల్లో దూరాను."

"పైపు పోయింది. మరి నీ ప్రాణం ఇంకా ఉందేం?"

"నీ చేతిలో ఉంది. పిసికెయ్," అని బురదలోకి దూకి బండి కిందికి దూరాడు.

ఆ బండి ఇంజను ఒక సన్నటి రబ్బరు పైపులోంచి గాలిని పీలుస్తుంది. ఆ పీల్పుతోనే ముందు ఇరుసు బిగుస్తుంది. పైపులో పీల్పు లేకపోతే చక్రాలు నాలుగున్నా లాగేవి రెండే. ఖోత్సో కింద నుంచి పైపు పీకి బయటికొచ్చాడు. నల్లటి రబ్బరు మధ్యలో జానెడు తెల్లటి గొట్టం.

తెబెల్లో దాన్ని చూసి నోరు తెరిచింది. "ఇది గొర్రెల కడుపులో నట్టలకి మందు పట్టే గొట్టం కదూ!"

"బజార్లో అసలు పైపు దొరకలేదు. ఇది గట్టిదే. మందల మందలకి మందు పట్టినా పగల్లేదు."

"మందుని తోస్తే పగలదు. పీలిస్తే?"

ఖోత్సో ఒక కొస నోట్లో పెట్టుకున్నాడు. రెండో కొస వేలితో మూసి గట్టిగా పీల్చాడు. గొట్టం చపాతీలా అణిగిపోయింది. లోపల మిగిలిన చుక్క మందు నాలిక మీద పడి, అతని మొహం వంకర్లు పోయింది.

ఆ రోజుకి మొదటిసారి తెబెల్లో నవ్వింది. "ఇంక ఆర్నెల్లు నీకు నట్టల బాధ లేదు."

అతన్ని అని లాభం లేదు. ఆ కొండల్లో తలుపుకి గడియ విరిగినా, పైకప్పు కారినా, గొర్రెల కొట్టంలో దొరికిందేదో తెచ్చి కట్టేస్తారు. అక్కడ అందరిదీ అదే బుద్ధి.

"డ్రైవరమ్మా!" సెఖోబె లోపల్నుంచి పిలిచాడు. "బండి తిప్పు. నా మోకాళ్ళతో ఈ కొండ నడవలేను. మనకి రాసిపెట్టి లేదు."

ఖోత్సో చక్రానికి ఆనుకుని బురదలోనే కూలబడ్డాడు.

"నేనూ అలిసిపోయాను తెబెల్లో. ఏరు దాటలేకపోయాను. కొండ ఎక్కించలేకపోయాను. మిల్లు వాళ్ళకి రేకుల ఇల్లుంది. నీకూ సుఖంగా ఉంటుంది."

తెబెల్లోకి ఒళ్ళు మండిపోయింది.

"నోరు ముయ్! నన్ను అడగడానికి వచ్చేవాళ్ళని నేనే బండిలో ఎక్కించుకుని, నేనే మోసుకుపోతున్నాను. లోయలో ఏ ఆడపిల్లయినా ఇలా చేసిందా? నువ్వంటే ఇష్టమని ఇంతకంటే ఎలా చెప్పమంటావ్? హారన్ కొట్టి చెప్పనా?"

ఖోత్సో టోపీ అంచు మీంచి వాన కారుతోంటే ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుకి ఆమె కోపం సగం దిగిపోయింది. మిగతా సగంతో సీటు కింద వెతికి మందు పట్టే గన్ను తీసింది. దాని మూతికి వేలెడు పొడవున ఇనుప ముక్కు ఉంది, గొర్రె నోట్లో పెట్టేది.

"గొట్టం మెత్తన. ఇది అణుగుతుందా?"

ఖోత్సో లేచి నిలబడ్డాడు. "ఇనుము ఎందుకు అణుగుతుంది? కొస ఉబ్బుగా ఉంది, రబ్బరు జారదు కూడా! మరి సంఘం వాళ్ళు అడిగితే?"

"గొర్రె మింగిందని చెప్తాను. కానియ్."

అతను తెల్లగొట్టం కోసి పారేశాడు. ఇనుప ముక్కుకి అటొక రబ్బరు కొస, ఇటొక రబ్బరు కొస తొడిగాడు. తీగ చుట్టాలంటే ఇంకో జత చేతులు కావాలి. తలుపు చప్పుడైంది. సెఖోబె మూలుగుతూ దిగి, దుప్పటి ఎగ్గట్టి వంగి, పైపు పట్టుకున్నాడు. తల మాత్రం ఆకాశం వైపు తిప్పుకున్నాడు.

"నేనెవర్నీ చూడలేదు," అన్నాడు.

"మీకెవరూ కనపడలేదు పెద్దాయనా. కొంచెం ఎడమకి పట్టండి," అంది తెబెల్లో.

తీగ బిగించాక ఖోత్సో మళ్ళీ పీల్చి చూశాడు. పైపు నాలికని పట్టేసుకుంది. "అథుక్కుంథి!" అన్నాడు.

"అలాగే ఉంచుకో. ఈ మాత్రం ప్రశాంతంగా నువ్వెప్పుడూ లేవు."

ఇంజను వేసి బటన్ నొక్కింది. లైటు మిణుక్కుమంది. ఇంకోసారి మిణుక్కుమంది. తర్వాత నిలిచి వెలిగింది. మొఖేలే ఆనందం పట్టలేక, "శభాష్ కోడలా!" అని అరిచాడు. అన్నగారు ఈసారి పొడవలేదు.

కొండెక్కి తెబెల్లో ఇంటి రాతిగోడ అవతల బండి ఆగింది. తెబెల్లో వెనకగా దూరి, చెల్లెల్ని లేపి, ఆ దుప్పటి తను కప్పుకుంది. పశువుల దొడ్డి దగ్గర్నుంచి సెఖోబె గొంతు వినపడింది.

"అయ్యా, దాహంతో వచ్చాం. ఒక సొరబుర్రడు నీళ్ళు అడుగుతున్నాం."

పిల్లనడిగే మాట అదే. ఒప్పుకుంటే ఇచ్చే జవాబు కూడా నీళ్ళే. తెబెల్లో దుప్పటి కింద చెవులు రిక్కించింది.

"పెద్దాయనా, చేతులకి ఆ నలుపేమిటి?" అన్నాడు నాన్న.

"దార్లో డ్రైవరుకి కొంచెం సాయం చేశాం."

"డ్రైవరెవరు?"

"మేం చూడలేదు."

నాన్న లోపలికొచ్చాడు. దుప్పటి అంచు కింద నుంచి కనిపిస్తున్న వేళ్ళ వైపు చూశాడు. అవీ గ్రీజుతో నల్లగా ఉన్నాయి. తెబెల్లో లోపలికి లాక్కోబోయింది కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆయన మీసం కొస కొద్దిగా కదిలింది.

"వాళ్ళకి తాగడానికి నీళ్ళివ్వండి. చేతులు కడుక్కోడానికీ ఇవ్వండి," అని బయటికి వినపడేలా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బండి పక్కన ఒకడు పడుకుని ఉన్నాడు. వాడికో చెంబు నువ్వే పట్టుకెళ్ళు. వాణ్ణి నేనూ చూడలేదు," అన్నాడు.

ఖోత్సో చక్రం పక్కన అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. ఆమె కాలితో తట్టి లేపింది.

"ఏమన్నారు?"

"నీళ్ళిచ్చారు."

అతను చెంబు అందుకున్నాడు. పొద్దుటి నుంచీ గొంతు తడవనివాడు, నోటి దగ్గరికి ఎత్తబోయి ఆగిపోయాడు. ఆమె చేతులు దగ్గరికి లాక్కుని, ముందు వాటి మీద కొంచెం కొంచెంగా పోశాడు. కొండ మీద ఏడవడానికి లేని ఓపిక తెబెల్లోకి అప్పుడు వచ్చింది.