చెవిలో ఐదున్నర శ్రుతి

విజయనగరం కోట జంక్షన్‌లో, సెల్‌ఫోన్ కవర్లమ్మే షాపు మేడ మీద డిటెక్టివ్ పద్మకుమారి ఆఫీసు. శుక్రవారం మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చిన లక్ష్మీకామేశ్వరికి అసిస్టెంట్ గిరిబాబు మంచినీళ్లిస్తే, గ్లాసు ముట్టకుండానే మొదలుపెట్టింది.

"మావారికి మతి పోతోందేమోనమ్మా. ఎవరికీ వినపడని తంబురా ఆయనకి వినపడుతోంది."

వాళ్లాయన వేంకటాచలం, యాభై ఏళ్లుగా సంగీతం నేర్పుతున్న గాయకుడు. రెండేళ్లుగా చెవి మిషన్లు పెట్టుకుంటున్నాడు. ఎదుటివాళ్ల మాటలే కాక, ఫోన్లో మాటలు కూడా వాటిలోకే వస్తాయి. గత నెల డాక్టరు వినికిడి ఇంకా తగ్గిందన్నాడు. ఆ మర్నాటి నుంచే మొదలైంది ఈ తంబురా. నేటికి ఇరవై మూడు రోజులు.

"ఎల్లుండి కచేరీ. పాడనంటున్నారు. ఇక పాఠాలు కూడా చెప్పరట. పాట మానేస్తే ఆయన బతకరమ్మా!" గొంతు తగ్గించింది. "శిష్యుడు హరిచరణ్ మీద నాకు అనుమానం. కొత్త ఫోనుకి మిషన్లు కలిపింది వాడే. ఈయన పాడకపోతే కచేరీ వాడిదే."

"ఇదేటి మేడమ్, సేతబడి గానీ కాదు కదా?" అన్నాడు గిరిబాబు. పద్మకుమారి సెల్లు జేబులో వేసుకుని లేచింది. సమాధానం చెప్పకుండా లేచిందంటే ఆలోచన మొదలైందని గిరిబాబు నమ్మకం.

వాళ్లింట్లో వేంకటాచలం వాలుకుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. ప్రశ్నలకు భయపడుతూనే జవాబిచ్చాడు.

"ఎప్పుడు వినిపిస్తుంది?"

"పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. అరగంటసేపు."

"మిషన్లు తీసేస్తే?"

"తీస్తే లోకమే వినపడదు కదమ్మా, తంబురా సంగతి ఏం చెప్పను? గేటు దాటి నాలుగడుగులు వేస్తే మాత్రం ఆగిపోతుంది."

"ఏ శ్రుతి?"

ఆయన మొహంలో మొదటిసారి కాస్త కళ వచ్చింది. "ఐదున్నర. నేను పాడేది ఒకటిన్నర. హరిచరణ్‌ది ఒకటి."

పద్మకుమారి తన వైపు తిరగగానే, పక్కనే నిలబడ్డ హరిచరణ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "గురువుగారు లేని కచేరీ నాకెందుకండీ? కావాలంటే నా ఫోను చూసుకోండి."

పద్మకుమారి దాని జోలికి పోలేదు. "మాస్టారూ, మీ పాత ఫోనేదీ?" అనడిగింది.

"అది పాడైపోయిందమ్మా, దేవుడి గూట్లో పడేశాం," అంది లక్ష్మీకామేశ్వరి గబగబా.

పూజగదిలో సరస్వతి పటం ముందుంది ఫోను. అద్దం మీద కుంకుమ బొట్టు. బటన్ నొక్కితే వెలిగింది. తొంభై శాతం ఛార్జింగ్! గిరిబాబు నోరు తెరవబోతే పద్మకుమారి కాలు తొక్కింది. ఫోను అక్కడే పెట్టేసి ఇవతలికి వచ్చేశారు.

ఆరవుతోంది. లక్ష్మీకామేశ్వరి దీపం పెట్టడానికి లోపలికెళ్లింది. రెండు నిమిషాలకి వేంకటాచలం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చేసింది! అమ్మా, మీకు వినపడటం లేదూ?"

గదిలో ఎవరికీ ఏమీ వినపడలేదు. పద్మకుమారి లక్ష్మీకామేశ్వరిని పిలిచి, నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టింది.

"మతి పోలేదు మాస్టారూ. ఆ తంబురా నిజంగానే మోగుతోంది, మీ పాత ఫోన్లో. మీ మిషన్లు రెండు ఫోన్లతో కలిసే రకం. కొత్త ఫోను కలిపినప్పుడు పాతదాంతో జత ఎవరూ తెంచలేదు. దాంట్లో తంబురా మోగించే శ్రుతి యాప్ పెట్టగానే శబ్దం బయటికి రాకుండా తిన్నగా మీ చెవుల్లోకి వచ్చేస్తోంది. గేటు దాటితే బ్లూటూత్ అందదు, అందుకే ఆగిపోతోంది."

"ఎవరు పెడుతున్నారు?" అన్నాడు హరిచరణ్.

"ఐదున్నర ఆడవాళ్ల శ్రుతి. ఈ ఇంట్లో ఆడమనిషి ఒక్కరే." పద్మకుమారి గొంతు మెత్తబడింది. "డాక్టరు ఆ మాటన్న మర్నాడే భర్త వినికిడి కోసం మొక్కుకున్నారు. మండలం, అంటే నలభై రోజులు, రెండు పూటలా అమ్మవారికి శ్రుతి. మొక్కు బయటికి చెప్పకూడదు, అందుకే ఫోను పాడైందన్నారు. ఆయన చెవిన పడకూడదని సౌండు బాగా తగ్గించాననుకున్నారు. తనకే వినపడనిది తిన్నగా ఆయన చెవిలో పడుతోందని ఎలా ఊహిస్తారు?"

లక్ష్మీకామేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆయన్ని హింస పెట్టింది తన మొక్కేనన్న బాధ ఒకటి, అది బయటపడిపోయిందన్న భయం ఇంకొకటి.

"భయపడకండమ్మా. చెప్పింది నేను. మీరు నోరు విప్పలేదు, మొక్కు చెడలేదు."

ఆమె హరిచరణ్ చెయ్యి పట్టుకుంది. "నిన్ను అనుమానించాను నాయనా, ఏమీ అనుకోకు." వాడు తలూపి, కళ్లు తుడుచుకుని పూజగదికేసి కదిలాడు. "పాత ఫోన్లో జత తీసేస్తాను గురువుగారూ. నిమిషం పని."

"ఉండరా!" అన్నాడు వేంకటాచలం. కుర్చీ చేతులు ఎప్పుడో వదిలేశాడు. "కామేశ్వరీ, ఇది పెళ్లిచూపుల్లో నువ్వు పాడిన శ్రుతి. ఆ తర్వాత ఈ ఇంట్లో నా శ్రుతి తప్ప ఇంకోటి మోగలేదు. నువ్వెందుకు మానేశావని నేనొక్కనాడూ అడగలేదు."



"మేడమ్, సూడండి..." అని గిరిబాబు ఏదో అనబోతే, పద్మకుమారి మళ్లీ కాలు తొక్కింది.

"ఆదివారం పాడతాను," అన్నాడు వేంకటాచలం. "ఇంకా పదిహేడు రోజుల మొక్కుంది. అంతవరకూ ఆ జత అలాగే ఉండనీ. కామేశ్వరీ, రేపు పొద్దున్న నువ్వూ పాడు. అరగంటసేపు నేను వింటాను."