పారోస్ గనిలో ఉలి చప్పుడు

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. చలువరాతి గని బయట పనివాళ్ళు రొట్టె, ఆలివ్ కాయలు తిని నీడలో నడుం వాల్చారు. మా బావ ఎవాంథేస్ మాత్రం గనిలోకి దిగడానికి దీపం వెలిగించాడు.

గ్రీసు దేశపు పారోస్ ద్వీపంలో ఆయనంతటి శిల్పి లేడు. గుళ్ళు కట్టించినవాడు కూడా. ఆయన నిలిపిన స్తంభాలు సన్నగా, ఎత్తుగా ఉండేవి. ఆయన చెక్కిన దేవతల నోళ్ళు కాస్త తెరుచుకుని, ఊపిరి కోసం తపిస్తున్నట్టుండేవి. కొత్త గుడిలో పెట్టే విగ్రహానికి తగిన రాయి దొరకలేదని కొన్నాళ్ళుగా తిండి కూడా సరిగ్గా తినడం లేదు.

"లైసాన్, రాయి దొరికిందిరా. రా, చూపిస్తాను."

"తిని వెళ్దాం బావా. అక్క చేప వేయించి పంపింది."

"వేయించిన చేప ఈదుకుంటూ పోదులే, పద!"

దిగేకొద్దీ చలి. తడి రాయి వాసన, దీపం నూనె కమురు కంపు. మా అడుగుల చప్పుడు ముందుకు పోయి, ఆలస్యంగా తిరిగొస్తోంది. చివరి గోడ దగ్గర బావ చెవి ఆనించాడు.

"విను..."

టక్... టక్...

రాతి లోపల్నుంచి.

"అవతల ఎవరైనా తవ్వుతున్నారా?"

"అవతల కొండే."

బావ ఉలితో ఒక దెబ్బ కొట్టాడు. లోపల్నుంచి ఒక దెబ్బ. రెండు కొట్టాడు. రెండు.

"నా బొమ్మలన్నీ ఇక్కడివే," గుసగుసగా అన్నాడు. "నేను బయట్నుంచి కొడతాను... వాళ్ళు లోపల్నుంచి."

"వద్దు బావా, పోదాం!" చెయ్యి పట్టి లాగాను. విదిలించుకుని గట్టిగా కొట్టాడు.

పెద్ద పెచ్చు ఊడిపడింది. లోపలంతా బోలు. నిలువెత్తు మనిషి అచ్చు... ముఖం చూశాను. మా బావదే. ఆ రాయి వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో అందులోంచి లేచి వెళ్ళినట్టు.

బావ నవ్వాడు. "ఇందులో సరిగ్గా ఇముడుతాను కదూ?"

దీపం ఆరిపోయింది.

"బావా..."

ఆయన నిలబడ్డ వైపు జరిగాను. తడిమాను. చేతికి నున్నటి గోడ తగిలింది. బోలు లేదు... పగులూ లేదు.

పడుతూ లేస్తూ బయటికొచ్చి అందరినీ లేపాను. దివిటీలతో దిగి గోడ పగలగొట్టారు. లోపల ఉలి చప్పుడు ఆగలేదు. తవ్వినకొద్దీ దూరం జరిగింది. చివరికి వినిపించడం మానేసింది.

అక్కకు ఏం చెప్పాలో తెలియక, పొద్దుగూకే వేళ ఇంటికెళ్ళాను. గుమ్మంలోనే నా భుజం పట్టుకుంది.

"మీ బావ మధ్యాహ్నమే వచ్చేశారురా... పలకట్లేదు. ఒకసారి ఆ చేతులు చూడు."

లోపల ఆయనే కూర్చుని ఉన్నాడు. అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని.

చలువరాతిలా నున్నగా, వాటి మీద ఒక్క గీత కూడా లేదు.