తొడిమ మీద వేలిముద్ర

"నా పువ్వుల్ని ముట్టుకున్నారా?"

ఎదురు కొట్లో ఫ్రేములు కట్టే అబ్బాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ముందు లోపలికి రమ్మనాలండీ. దబాయింపు తర్వాత."

"జోకులొద్దు. ఇటు రండి."

బయట వాన, లోపల మసక వెలుతురు. బల్ల మీద మట్టి గులాబీలు ఆరుతున్నాయి. వాటిని చేసే అమ్మాయి ఒకదాన్ని తిప్పి చూపించింది. తొడిమ దగ్గర బొటనవేలి ముద్ర ఉంది.

అది పిన్ని అలవాటు. ఆమెకు ఈ పని నేర్పింది పిన్నే. పువ్వు నచ్చితేనే తొడిమ మీద వేలు నొక్కేది, లేకపోతే మళ్లీ ముద్ద చేసేసేది. పిన్ని పోయి ఏడాది కావస్తోంది. అయినా తను భోజనానికి వెళ్లి వచ్చేసరికి ఏదో ఒక పువ్వుకు ముద్ర పడి ఉంటోంది. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంటోంది.

"దయ్యాలకు లంచ్ అవర్ ఉండదేమో," అన్నాడతను.

"నాకు ఒళ్లు జలదరిస్తుంటే మీకు నవ్వులాటగా ఉందా? రేపే గది ఖాళీ చేస్తున్నా. ఈ పనే మానేస్తా."

అతని మొహాన కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"పిన్నిగారే ఇచ్చారు, అమ్మాయిని కాస్త కనిపెట్టుకుని ఉండమని. మీరేమో ప్రతి పువ్వూ బాగోలేదని పారేస్తున్నారు. ఆ ముద్ర చూస్తే ధైర్యం వస్తుందనుకున్నా."

"ధైర్యమా? జ్వరం వచ్చింది!"

"తప్పే. కానీ మీరు వెళ్లిపోతే... ఎదురుగా చూసుకోడానికి నాకేముంటుంది?"

ఆమె చెవులు వేడెక్కాయి. కోపం ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అయినా బెట్టు చేస్తూ పచ్చి మట్టిముద్ద ముందుకు తోసింది. "వేలు నొక్కండి. పోల్చి చూడాలి."

నొక్కాడు. ఇన్నాళ్లూ భయంతో పరకాయించి చూడలేదు గాని, పువ్వుల మీదవన్నీ వెడల్పు ముద్రలే, అతనివే. ఆమె హమ్మయ్య అనుకుంది.

కిటికీలోంచి జల్లు కొడుతుంటే ఇద్దరూ వెళ్లి తలుపులు మూశారు. వేళ్లు తగిలాయి. తగలనట్టు నటించారు.

తిరిగొచ్చేసరికి ముద్ద మీద అతని వేలిగుర్తు పక్కనే ఇంకొకటి ఉంది. చిన్నది. మీద అడ్డంగా సన్నటి గీత.

"ఇది... నాది కాదు." అతను తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు.

"తెలుసు."

పిన్ని బొటనవేలు తెగినప్పుడు కట్టు కట్టింది ఆమే. ఆ గాటును ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"అంటే?"

"పిన్ని నచ్చినదాని మీదే వేలు నొక్కుతుంది." ఆమె తాళంచెవి తీసి అతని గుప్పిట్లో పెట్టింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. "ఇకమీదట తలుపు తట్టి రండి. లోపల పెద్దవాళ్లున్నారు."