మీట నొక్కని ఆడమనిషి

ఒకునాగి స్టేషన్ పేరెత్తితే చాలు, మా లైన్లో డ్రైవర్లకి ముద్ద గొంతు దిగదు. నా సోబా నూడుల్స్ కొట్టు చివరి స్టేషన్లో ఉంది కాబట్టి వాళ్ళ భయాలన్నీ నా బల్ల మీదే ఒలకబోస్తారు.

మా మంచు సీమలో రైలు తలుపు దానంతటది తెరుచుకోదు. చలి లోపలికి రాకుండా, ఎక్కేవాళ్ళే బయట మీట నొక్కాలి. ఒకునాగిలో మాత్రం చీకటి పడ్డాక ఎవరో వచ్చి తలుపు ముందు నిలబడతారట... నొక్కరట.

"బతికున్నవాళ్ళు ఆ చలిలో ఆగుతారా అక్కా? నొక్కలేదంటే మనిషి కాదు. బండి లాగించెయ్యడమే!" అనేవాడు హచియా. వీడూ డ్రైవరే. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు.

మొన్న జనవరిలో వాడికే ఎదురైంది. వాడు చెప్పిందే చెబుతున్నాను.

ఆఖరి బండి. ఒక్కటే పెట్టె, అందులో వీడొక్కడే. ఒకునాగికి పోయే రోడ్డు మంచుకి మూసుకుపోయింది. ఒకునాగిలో ఆపి, రైల్వే పద్ధతి ప్రకారం ప్లాట్‌ఫాం వైపు వేలు చూపించి "ఎక్కేవాళ్ళు లేరు" అని పైకి అనబోయాడు—

తలుపు అద్దం అవతల ఒక ఆడమనిషి. దుప్పటి చుట్టిన పాపని రెండు చేతులా పొదువుకుని ఉంది.

నొక్కలేదు.

హచియా చెయ్యి బండి కదిపే పిడి మీదకి పోయింది. ఆవిడ పాపని అద్దానికి ఆనించింది.

"పిల్లకి ఒళ్ళు కాలిపోతోందయ్యా... ఊళ్ళో డాక్టరు లేడు... దణ్ణం పెడతాను, ఈ బండి పోతే నా బిడ్డ దక్కదు!"

"మీట నొక్కమ్మా!" అని అరిచాడు.

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది.

"వదిలితే... మళ్ళీ ఎత్తుకోలేనేమో బాబూ."

వీడు వెళ్ళిపోదామనే అనుకున్నాడు. అంతలో పాప దగ్గింది... చిన్న ముక్కు దగ్గర అద్దం మీద ఆవిరి పట్టింది. దెయ్యానికి ఊపిరెక్కడిది? తనని తాను తిట్టుకుంటూ తలుపు తీశాడు.

ఆవిడ ఎక్కి, పాపని వీడి వెనక సీట్లో పడుకోబెట్టింది. "తొందరగా" అంది, అంతే. దారి పొడుగునా బండే తోలాడో, దేవుళ్ళకే మొక్కాడో వాడికే తెలీదు.

చివరి స్టేషన్లో పాపని భుజాన వేసుకుని నా కొట్టుకి పరుగెత్తుకొచ్చాడు. అంబులెన్స్‌కి నేనే ఫోన్ చేశాను.

"వాళ్ళమ్మేదిరా?"

"వెనకే వస్తోందక్కా..."

ఎవరూ రాలేదు. పెట్టె అంతా వెతికాం — లేదు.

పిల్ల బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

తెల్లారాక మంచు తీసేవాళ్ళకి ఆవిడ కనిపించింది... స్టేషన్‌కి ఇంకా చాలా దూరంలో, కొండ వాలులో. సాయంత్రమే ప్రాణం పోయిందట. విన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. మోకాలెత్తు మంచు కింద పక్కకి ఒరిగిపోయి ఉంది. చేతులు రెండూ గుండెల దగ్గర బిగుసుకుని ఉన్నాయి, మధ్యలో ఓ పసిపిల్లంత ఖాళీ.

ఆ ఖాళీలో మాత్రం మంచు పడలేదట.